నేల నెమలికి ఇద్దరు సాక్షులు

"ఫొటో ఏది మేడం?"

మా పక్షుల గ్రూపులో నేను ఏది రాసినా మొదట వచ్చే జవాబు ఇది. తర్వాత "లొకేషన్ పెట్టండి" అని ఒకరు. ఆ తర్వాత ఒక నవ్వు బొమ్మ. ఆళ్లగడ్డలో బస్సెక్కి ఒక మాట రాశానంటే, నంద్యాలలో దిగేలోపు ఈ మూడూ వచ్చేసి ఉంటాయి. ఇన్నేళ్లయినా నాకు అలవాటు కాలేదు. ప్రతిసారీ కొత్తగా ఒళ్లు మండుతుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ, చుట్టుపక్కల మండలాలు కలిపి పిట్టలను చూసే పిచ్చి ఉన్నవాళ్లం ముప్పై మందిమి ఉంటాం. గ్రూపును నడిపేది బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దమనిషి. చెడ్డవాడు కాదు. కానీ ఆయన దగ్గర ఒక జాబితా ఉంది. మా ప్రాంతంలో అరుదైన పిట్టను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూశారో అందులోకి ఎక్కుతుంది. ఎక్కాలంటే ఫొటో ఉండాలి, చోటు చెప్పాలి. ఈ రెండూ లేకపోతే ఆ పిట్టా లేదు, దాన్ని చూసిన మనిషీ లేదు.

నా దగ్గర కెమెరా లేదు. పాత దుర్భిణి ఒకటి, నోటుపుస్తకం ఒకటి ఉన్నాయి. నేను పిట్టల్లోకి వచ్చిన దారి కూడా కెమెరా దారి కాదు. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పడం నా పని. బైబిలులోని ధర్మశాస్త్రంలో తినకూడని పక్షుల పట్టిక ఒకటి వస్తుంది. అందులోని పేర్లు సగం మా నంద్యాలలో ఎవరికీ తెలియవు. "టీచర్, ఈ పక్షి ఎట్లుంటాది?" అని ఒక పాప అడిగింది. నాకు తెలియదు. "పెద్ద పక్షి" అన్నాను. ఆ రాత్రి ప్రార్థనలో ఆ మాట గుచ్చుకుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం అబద్ధమే కదా. అప్పటి నుంచి చెరువు కనపడితే ఆగడం, తీగ మీద పిట్ట వాలితే చూడటం మొదలైంది. పన్నెండేళ్లయింది. ఆ పాపకు పెళ్లి కూడా అయిపోయింది. నా పట్టిక మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

ఇంతకీ ఆ గ్రూపు సంగతి. ఒక చలికాలం వెలుగోడు రిజర్వాయరు కట్ట మీద నిలబడి నల్ల కొంగను చూశాను. ఎర్రటి ముక్కు, తెల్లటి పొట్ట, మిగతాదంతా నిగనిగలాడే నలుపు. అరగంట చూసి, రాసుకుని, గ్రూపులో పెట్టాను. "తెల్ల కొంగ నీడ చూసుంటారు మేడం" అన్నాడు ఒకాయన. ఇరవై మంది నవ్వారు. పది రోజుల తర్వాత అదే ఆయన, చేయంత పొడుగు లెన్సు వేసుకుని పోయి, అదే కొంగను ఫొటో తీసి పెట్టాడు. అందరూ చప్పట్లు. జాబితాలో ఆయన పేరు. నేను ఒక్కమాట అనలేదు. లోపల మాత్రం చాలా అన్నాను, దాని గురించి తర్వాత క్షమాపణ కూడా అడుక్కున్నాను. అడగవలసినవాడినే అడిగాను, లెన్సాయనను కాదు.

నేల నెమలి సంగతి వచ్చేసరికి ఈ మంట అంతా లోపల అలాగే ఉంది. నేను చేసిన తప్పుకు అదే మూలం.

రెండేళ్ల కిందటి వానాకాలం అది. నేను పనిచేసే బడి ఆళ్లగడ్డకు అవతల ఒక ఊళ్లో. ఒక శనివారం సాయంత్రం దొర్నిపాడు దారిలోని ఒక పల్లెలో, మా సంఘస్థుల ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటే వెళ్లి, తిరిగి వస్తూ రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాను. పక్కన ఐదారు ఎకరాల బీడు, మోకాలు దాటిన గడ్డి. దాని అవతల కొర్ర చేను. గడ్డిలోంచి కప్ప అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. వెంటనే ఎవరో లోపలి నుంచి నల్లటి బంతిని విసిరినట్టు ఒక పిట్ట నిలువునా మనిషెత్తు ఎగిరి, రెక్కలు టపటపలాడించి, మళ్లీ గడ్డిలో పడిపోయింది. నిమిషం కాకముందే మళ్లీ ఎగిరింది. అదే చోట. మళ్లీ.

దుర్భిణి పెట్టి చూశాను. నల్లటి మెడ, తెల్లటి గొంతు, తల వెనక్కి వంగిన సన్నటి ఈకలు. నేల నెమలి మగది. దేశంలోనే లెక్కకు కొన్ని మిగిలిన పిట్ట. ఇది ఒకే చోట ఇలా మళ్లీ మళ్లీ ఎగురుతుందంటే ఆ గడ్డిలో ఎక్కడో ఆడది ఉన్నట్టే. గూడంటూ కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. రెండు ఆటోలు నా ముందు ఆగి, హారన్ కొట్టి, తిట్టుకుంటూ వెళ్లిపోయాయి.

"ఏందమ్మా, ఎవుర్ని సూస్తాండావ్?"

వెనక ఒక పెద్ద రైతు, భుజాన తువ్వాల, చేతిలో ముల్లుగర్ర.

"ఆ పిట్టను అన్నా. నేల నెమలి."

"నెమళ్లు కావాల్నా నీకు? మా కంది చేన్లోకి రా, యాభై ఉండాయి. ఒక్క గింజ మిగల్నీకుండా తింటాండాయి. బండి కట్టుకోనొచ్చి అన్నీ పట్కపో, పున్యముంటాది."

"ఆ నెమలి కాదన్నా. ఇది వేరే. అదిగో, ఎగిరింది చూడు."

"ఓ, అదా! పోయినేడు కూడా ఎగిరింది. మా ఆడోల్లు నవ్వుతాంటారు, కింద ఎవురో నిప్పు పెట్టినట్ల ఎగుర్తాదని."

బీడు ఆయనదే. ఎనుముల కోసం పెంచిన గడ్డి. ఎప్పుడు కోస్తారని అడిగాను. ఎల్లుండి అన్నాడు. గుడ్లు పిల్లలవడానికి మూడు వారాలు పడుతుంది, అంతదాకా ఆపమని బతిమాలాను.

"మూడు వారాలా? అంతవరకు ఎనుములకు ఏం పెట్టల్ల? నీ ప్రార్థన పెట్టల్నా?"

నేను ప్రార్థన ఇంటి నుంచి వస్తున్నానని ఆయనకు ఎలా తెలిసిందో! చేతిలోని బైబిలు చూసి ఉంటాడు. ఆయన బీడు వైపు తిరిగాడు. పిట్ట మళ్లీ ఎగిరింది.

"సరే, చవితి దాకా ఆపుతా. ఆ పక్క గట్టు మీద గడ్డి కోసుకుంటాం. కానీ ఒకటే మాట. నువ్వు ఎవురికీ చెప్పగూడదు. పోయినేడు పక్కూరి గుట్టలో గుడ్లగూబను సూడనీకె కార్లేసుకోని వచ్చి, కొర్రంతా తొక్కి పాయిరి. మల్ల అట్లాంటి గుంపు నా చేన్లోకి వచ్చిందంటే, ఆ దినమే గడ్డి కోసేస్తా."

"చెప్పను అన్నా."

"ఒట్టెయ్."

"మేము ఒట్టు వేయం. అవునంటే అవునే."

"సరే, అవునంటివి గదా" అని ముల్లుగర్ర ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడే ఊరుకుంటే అయిపోయేది. ఆ మగపక్షి ఎగిరేది, ఆడపక్షి పొదిగేది, రైతు చవితి తర్వాత గడ్డి కోసుకునేవాడు. నేను ఊరుకోలేదు. మరుసటి రోజు గ్రూపులో రాశాను: "నేల నెమలి మగపక్షిని చూశాను. గూటి కాలం కాబట్టి చోటు చెప్పను." చోటు చెప్పలేదు కాబట్టి మాట తప్పలేదని నన్ను నేను సమాధానపరుచుకున్నాను.

"ఫొటో ఏది మేడం?"

"లొకేషన్?"

నల్ల కొంగ లెన్సాయన: "కాకి గెంతి ఉంటుంది మేడం." దాని కింద నవ్వులు.

బ్యాంకాయన మర్యాదగా రాశాడు: "మేడం గారి మీద గౌరవం ఉంది. కానీ ఒక్కరి మాట మీద జాబితాలో ఎక్కించలేం."

ఒక్కరి మాట. ఆ రెండు మాటలు రాత్రంతా బుర్రలో తిరిగాయి. ఒక్కరి మాట చాలదని లేఖనం కూడా చెబుతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి సంగతీ స్థిరపడాలి. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు చెప్పానో. సరే, అయితే రెండో సాక్షిని తెస్తాను అనుకున్నాను. అందులో గర్వం ఎంత ఉందో అప్పుడు నాకు కనపడలేదు. వాక్యాన్ని అనుసరిస్తున్నాననే అనుకున్నాను.

రెండో సాక్షి ఎవరు? మాట దాటనివాడై ఉండాలి. అబద్ధమాడనివాడై ఉండాలి. మా నంద్యాల సంఘంలో అలాంటివాడు ఎవరంటే, ఎవరైనా ఒకటే పేరు చెబుతారు. మా అయ్యగారు. పాస్టరుకు చెప్పడం ఎవరికో చెప్పినట్టు కాదని కూడా నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎంతమంది ఎన్ని బాధలు ఆయనకు చెప్పుకోలేదు! ఒక్కటి బయటికొచ్చిందా!

వచ్చిన సెలవు రోజు పొద్దున్నే నేను బస్సులో, ఆయన తన స్కూటరు మీద వచ్చాం. ఆయన పట్నంలో పుట్టి పట్నంలో పెరిగిన మనిషి. పావురాన్నీ గువ్వనూ వేరుగా చెప్పలేడు. దుర్భిణిని తలకిందులుగా పెట్టుకుని "చాలా దూరంగా ఉందమ్మా" అన్నాడు. తిప్పి ఇచ్చాను. పిట్ట ఎగిరింది.

"స్తోత్రం!" అన్నాడు.

మళ్లీ ఎగిరింది.

"స్తోత్రం! ఏందమ్మా ఇది, అలుపే లేదు దీనికి!"

పిట్ట ఎగిరినప్పుడల్లా ఒక స్తోత్రం. నెమ్మదిగా అయ్యగారూ, నెమ్మదిగా అంటూనే ఉన్నాను. కానీ నాకూ కళ్లు చెమర్చాయి. నా నోటుపుస్తకంలో తేదీ వేసి, "నేను కన్నులారా చూచితిని" అని రాసి సంతకం పెట్టాడు. అంతకంటే గట్టి కాగితం లోకంలో ఉంటుందా అనిపించింది. ఆ రోజు రైతు చేనులో లేడు. ఉంటే బాగుండేది.

నేను ఆ పేజీని ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. కింద, "ఇద్దరు సాక్షులు" అని రాశాను.

బ్యాంకాయన: "మేడం, అయ్యగారు పక్షుల మీద ఏమైనా చదువుకున్నారా?"

లెన్సాయన: "దేవదూతలను గుర్తుపడతారేమో, పిట్టలను కాదు కదా."

ఫోన్ మంచం మీదికి విసిరేశాను. అది నా భర్త కాలి మీద పడింది. ఆయన ఫోన్ తీసి మేజా బల్ల మీద పెట్టాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఓపికకు నేను అర్హురాలిని కాను.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన. నేను ఎప్పటిలాగే స్త్రీల వరుసలో మూడో బెంచీలో ఉన్నాను. అయ్యగారి ప్రసంగం స్తుతి గురించి. మనుషులు ఒకసారి స్తుతించి అలసిపోతారు అన్నాడు. బాగుంది అనుకున్నాను. అప్పుడు చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు చూడగానే నాకు చెమటలు పట్టాయి.

"అలుపు లేని స్తుతిని ఈ మధ్య నా కళ్లతో చూశాను. ఎక్కడో కాదు. దొర్నిపాడు పోయే దారిలోనే..." అని మొదలుపెట్టాడు. పల్లె పేరు చెప్పాడు. వంతెన చెప్పాడు. వంతెన దాటాక ఎడమచేతి వైపు బీడు అని, చేయి కూడా ఎడమకు చాపాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన దాన్ని పారవశ్యం అనుకున్నట్టున్నాడు. "దాన్ని నాకు చూపించింది మన టీచర్ గారే" అన్నాడు. మూడు వందల తలలు నా వైపు తిరిగాయి. వెనక గోడ దగ్గర యువజనులు స్టాండు మీద పెట్టిన ఫోనులో అంతా లైవ్ పోతూ ఉంది.

ఆశీర్వాదం కాగానే బయటికి పరుగెత్తాను. మెట్ల దగ్గరే స్త్రీల సమాజం వాళ్లు పట్టుకున్నారు.

"ఏం అక్కా, అయ్యగారికి చూపిస్తివి, మేము కనపల్యాదా నీకు?"

"మధ్యాన్నం పోదాం పట్టు. పులిహోర చేసుకోని, రెండాటోలు మాట్లాడుకుంటే సరి."

"పిక్నిక్కు కాదు తల్లీ అది! అది గుడ్ల మీద ఉన్న పిట్ట! మీరు అక్కడ కూచుని పులిహోర తింటే అది ఉంటుందా?" అని అరిచాను. దేవుని ఆవరణలో అరవడం అదే మొదటిసారి. వాళ్లు మొహాలు ముడుచుకున్నారు. ఒకామె నెల రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఎవరూ పోలేదు. విశ్వాసులను ఆపగలిగాను. పక్షిప్రేమికులను ఆపలేకపోయాను.

యువజనులు ఆ వీడియోను నేను అడిగిన గంటలోనే తీసేశారు. అంతలోనే ఎవరో ఆ రెండు నిమిషాలను కత్తిరించి పంచారు. మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుంటే గ్రూపులో అదే ముక్క. కింద బ్యాంకాయన: "మేడం దాచినా దేవుడు చెప్పించాడు." లెన్సాయన: "రేపు పొద్దున ఆరుకు. ఎవరెవరు?" పదకొండు మంది చేయెత్తారు. ఆపమని రాశాను. గూటి కాలం, దయచేసి వద్దు, రైతుకు మాటిచ్చాను అని రాశాను. "దూరం నుంచే చూస్తాం మేడం." "అందరి పక్షి మేడం అది." "ఇప్పుడు నమ్ముతున్నాం కదా, ఇంకా కోపమెందుకు?" ఇన్నాళ్లు కాకి అన్నవాళ్లు! నా నోటితో చెబితే కాకి, ప్రసంగంలో వింటే నేల నెమలి.

సోమవారం తొలి బస్సుకు పోయాను. వంతెన దగ్గర దిగేసరికే రెండు కార్లు, ఐదారు మోటారు సైకిళ్లు ఉన్నాయి. బ్యాంకాయన టోపీ పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎవరిదో ఫోనులోంచి కప్ప అరుపు లాంటి శబ్దం, నేల నెమలి అరుపే, మళ్లీ మళ్లీ మోగుతోంది. ఇంకో మగది వచ్చిందనుకుని అసలుది బయటికొస్తుందని.

"ఆపమనండి సార్ దాన్ని!"

"రెండే నిమిషాలు మేడం. జాబితాకు మంచి ఫొటో కావాలి కదా. మీ పేరే ముందు రాస్తాను."

"నా పేరు నాకొద్దు. మీరు బయటికి రండి!"

"మీరే కదా మేడం నమ్మడం లేదని బాధపడింది."

అంతలో లెన్సాయన గడ్డిలోకి దిగాడు. ఆడదాన్ని లేపుదామని, కాళ్లతో గడ్డిని అటూ ఇటూ తోసుకుంటూ నడుస్తున్నాడు. ఆడదాని ఫొటో ఎవరి దగ్గరా లేదట. నేను గట్టు మీది నుంచి కేకలు పెడుతున్నాను. నా కేకలు కూడా ఆ పిట్టకు భయమే అని అప్పుడు తోచలేదు. మగది లేచి, ఈసారి కిందపడకుండా, రోడ్డు దాటి వెళ్లిపోయింది. కెమెరాలన్నీ టకటకలాడాయి.

రైతు వచ్చింది అప్పుడు.

"ఎవుర్రా మీరు? దిగండి! నా చేన్లోంచి బయటికి నడవండి ముందు! ఏయ్ టోపాయప్పా, నీక్కాదా చెప్పేది? సంత అనుకుంటిరా?"

అందరూ జారుకున్నారు. బ్యాంకాయన ఏదో అటవీ చట్టం గురించి చెప్పబోతే, ముల్లుగర్ర లేచింది. కార్లు వెళ్లిపోయాక ఆయన నా వైపు తిరిగాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు తగ్గించాడు. అదే ఎక్కువ బాధ.

"అవునంటివి గదమ్మా."

"అయ్యగారికి ఒక్కరికే చెప్పినా అన్నా. ఆయన..."

"ఎవురికీ అంటే ఎవురికీ అని గదా. దాంట్లో అయ్యగారు ల్యాడా?"

ఆయన తొక్కిన గడ్డి వైపు చూశాడు.

"రేపు కోసేస్తాండా. గడ్డి ఉంటే రేపు ఇంకో పది కార్లు వస్తాయి. గడ్డి ల్యాకపోతే వాల్లకు పని ల్యాదు, నాకు తలకాయి నొప్పి ల్యాదు."

వద్దని అనే హక్కు నాకు లేదు. కానీ లెన్సాయన తొక్కిన చోట గుడ్లు లేవు, ఆడది లేవలేదు. అంటే ఇంకా లోపలే ఉంది. ఒక్కటే అడిగాను. అంచుల నుంచి కోసుకుంటూ లోపలికి పోతే పిట్ట నడిమధ్యలో చిక్కుకుపోతుంది. నడిమధ్య నుంచి మొదలుపెట్టి బయటికి కోసుకు రమ్మన్నాను. గడ్డి చాటున జరిగి కొర్రలోకి పోయే దారైనా ఉంటుందని. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కాదనలేదు.

సాయంత్రం బడి నుంచి నేరుగా అయ్యగారి దగ్గరికి పోయాను. మర్యాద మరిచిపోయి గుమ్మంలోనే అడిగాను, ఎందుకు చెప్పారని. ఆయన నిజంగా తెల్లబోయాడు.

"సాక్షిగా రమ్మన్నది నువ్వే కదమ్మా. సాక్షి చూసినది చెప్పకుండా ఎట్ల ఉంటాడు?"

చెప్పకూడదని ఆయనకు చెప్పానా? దారిలో ఎన్నో చెప్పాను. ఆ ఒక్కటి చెప్పలేదు. చెప్పనక్కరలేదు అనుకున్నాను. మా ఇద్దరికీ సాక్ష్యమంటే ఆదివారం నిలబడి అందరిముందు చెప్పేదే. ఇంకో రకం సాక్ష్యం మాకు తెలియదు. ఆయన అక్కడికక్కడే కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థన చేయబోయాడు. నాకు ఓపిక లేదు. "తర్వాత అయ్యగారూ" అని వచ్చేశాను. పాస్టరు ప్రార్థనను మధ్యలో వదిలి వచ్చిన సంఘస్థురాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మంగళవారం సెలవు పెట్టాను. కొడవళ్లతో నలుగురు ఆడవాళ్లు, రైతు. నడిమధ్య నుంచి మొదలుపెట్టమనేసరికి ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"టీచరమ్మా, పెండ్లిలో ముందు పెరుగన్నం పెట్టినట్లుంది నీ కోత!"

"పిట్టకు దారి ఇయ్యాలంటనే. మనకెవురిచ్చినారు దారి?"

నవ్వుతూనే కోశారు. వాళ్లతోపాటు నేనూ వంగాను. గంటలో నా అరచేయి బొబ్బలెక్కింది, వాళ్లకు ఇంకో నవ్వు దొరికింది. మధ్యాహ్నానికి కొర్ర చేను పక్కన ఒక పట్టీ మాత్రం మిగిలింది, నాలుగడుగుల వెడల్పు. ఆ పట్టీ చివర ఒకామె కొడవలి ఆపి కేక వేసింది.

"ఈడ గుడ్లుండాయి!"

పరుగెత్తాను. నాలుగు గుడ్లు, మట్టిరంగు మీద ముదురు మచ్చలు, ఉట్టి నేల మీద. ఆడది లేదు. కొర్రలో కంకులు కదిలినట్టు ఉంది, అంతే. దారిలో గూడు కనపడితే తల్లిని పిల్లలతో కలిపి పట్టుకోవద్దని ధర్మశాస్త్రంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. చెప్పేటప్పుడు ఎప్పుడూ అది చాలా సులువైన ఆజ్ఞ అనిపించేది.

రైతు వచ్చి చూశాడు. వంగి, చేతులు వెనక కట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఈ పట్టీ వదిలేయండి" అన్నాడు ఆడవాళ్లతో. "గట్టు గడ్డి అనుకుంటారు ఎవురన్నా సూస్తే." తర్వాత వేలు ఎత్తాడు. "మీరు కూడా ఎవురికీ చెప్పొద్దండి. చర్చికి పోయేటోల్లు ఎవురన్నా ఉండారా మీలో?"

ఒకామె చేయెత్తింది. "నువ్వు మరీ చెప్పొద్దు" అన్నాడు.

దూరంగా వేపచెట్టు కింద కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా కొర్రలోంచి ఆడది బయటికొచ్చింది. గోధుమరంగు, తల నేలకు దించి, రెండడుగులు వేసి ఆగుతూ, మళ్లీ రెండడుగులు. పట్టీలోకి దూరింది. గడ్డి మళ్లీ కదలలేదు. ఆరుగురం చూశాం. ఒక సంగతి స్థిరపడటానికి కావలసినదానికంటే నలుగురు ఎక్కువ. ఎవరికీ చెప్పే వీలు లేదు.

మర్నాడు గ్రూపులో కోసేసిన బీడు ఫొటో వచ్చింది. ఎవరో రోడ్డు మీది నుంచి తీశారు. ఇక చూడాలి. "ఒక అరుదైన పక్షి ఇల్లు నాశనమైంది." "ముందే మాకు చెప్పి ఉంటే అధికారులతో మాట్లాడేవాళ్లం." "కొందరు గొప్ప కోసం దాచి, చివరికి ఉన్నదాన్ని కూడా పోగొట్టారు." ఫోనులో అరుపు మోగించిన మనిషే కన్నీటి బొమ్మ పెట్టాడు. నాకు వేళ్లు దురదపెట్టాయి. ఒక్క వాక్యం చాలు, పిట్ట అక్కడే ఉంది, గుడ్ల మీద ఉంది అని. కానీ ఆ గడ్డి కోసేసినట్టు కనపడటమే ఆ పిట్టకు కాపలా. వాళ్లు నన్ను తిట్టుకున్నంతకాలం అటువైపు రారు. కాబట్టి తిట్టనిచ్చాను. ఇంతకంటే పెద్ద శ్రమలు పడ్డవాళ్ల గురించి బోధించినదాన్ని, ఈ ముప్పై మంది తిట్లు మింగలేక మూడు రోజులు సరిగా అన్నం తినలేదు.

బ్యాంకాయన ఫోన్ చేశాడు.

"మేడం, కోపం లేకుండా చెప్పండి. అక్కడ ఏమైనా మిగిలిందా?"

లేదు అంటే పోయేది. ఆ మాట నా నోటికి రాదు.

"నేను చెప్పను సార్."

"అంటే ఉందనేనా?"

"ఉందని చెప్పలేదు. లేదని చెప్పలేదు. ఏదీ చెప్పను."

"ఇదేం జవాబు మేడం?"

"ముందే ఇవ్వాల్సిన జవాబు సార్" అని పెట్టేశాను.

ఆయన మళ్లీ ఆ బీడు వైపు పోలేదు. జాబితాలో మాత్రం ఎక్కించాడు. నేల నెమలి, మగది, ఫొటో ఉంది. చూసినవారు అని ఆరు పేర్లు. నాది లేదు. వద్దన్నాను కదా, ఆయన అక్షరాలా పాటించాడు. ఆ పేజీ కనపడినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపులో మంట. ఈ విషయమై ప్రార్థిస్తూనే ఉన్నాను. ఇంకా తగ్గలేదు. ఇప్పుడు ఇదంతా రాయడానికి రైతు ఒప్పుకున్నాడు. ఊరు పేరు రాయనని ఈసారి ఆయనతోపాటు అయ్యగారికి కూడా మాటిచ్చాను.

చవితి వెళ్లిన నాలుగో రోజు, బడిలో మధ్యాహ్న భోజనాల వేళ రైతు ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, పెంకులే ఉండాయి. పిల్లలు ల్యావు."

"కుక్కలేమైనా..."

"కుక్కా ల్యాదు, ఏం ల్యాదు. నిన్న మా ఆడమనిషి సూసింది. తల్లి ముందు పోతాంటే ఎనకాల మూడు పోతాండాయంట, కొర్రలోకి. నాలుగోది ఏమాయనో తెల్దు."

స్తోత్రం అనబోయి ఆగాను. ఆ మాట అనగానే ఆయనకు అయ్యగారు గుర్తుకొస్తాడని.

"ఉన్నావా లైన్లో?"

"ఉన్నా అన్నా."

"ఆ పట్టీ ఇంక కోసుకోవచ్చునా? ఎనుములు దాని దిక్కే సూస్తాండాయి."

"కోసుకో అన్నా."

"నడిమధ్య నుంచేనా, అంచు నుంచి కొయ్యొచ్చునా?"

"నీ ఇష్టం అన్నా" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.